3.7 అంటే ఎంత? వైజాగ్ నుంచి భూకంపాల లెక్క

2025 నవంబరు 4, తెల్లవారుజామున నాలుగు దాటాక వైజాగ్‌లో చాలామందికి మంచం కదిలినట్టయి మెలకువ వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో 3.7 మాగ్నిట్యూడ్‌తో వచ్చిన చిన్న భూకంపం అది. నష్టమేమీ జరగలేదు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ రెండే ప్రశ్నలు: "మీకూ తెలిసిందా?", "ఎంతట?" రెండోదానికి టీవీ వాళ్లు "రిక్టర్ స్కేలుపై 3.7" అని జవాబు చెప్పేశారు, మధ్యాహ్నానికి అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు.

నాకు భూకంపాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. భుజ్ భూకంపం వార్తలు పేపర్లో చదివిన రోజుల్లో పట్టుకుంది, ఇంకా వదల్లేదు. పొద్దున్నే కొందరు రాశిఫలాలు చూస్తారు, కొందరు షేర్ మార్కెట్ చూస్తారు, నేను నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల 'భూకంప్' యాప్ తెరిచి రాత్రి ఎక్కడెక్కడ భూమి కదిలిందో చూస్తాను. ఇన్నాళ్లు చూశాక నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. అందరం మొదట అడిగే ఆ "ఎంతట?" అన్న అంకె, మన ఇంటికి ఏమవుతుందో చాలా తక్కువ చెబుతుంది. ఎంత దూరంలో వచ్చింది, ఎంత లోతులో వచ్చింది, మన కింద ఉన్నది రాయా ఒండ్రా, మన బిల్డింగు పిల్లర్లలో ఇనుము ఎలా కట్టారు, ఇవన్నీ తెలిస్తేనే ఆ అంకెకి అర్థం. ఇది బాగా చిక్కుపడిపోయిన విషయం, వైజాగ్‌నే ఎదురుగా పెట్టుకుని ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్తాను.

ముందు అంకె. చార్లెస్ రిక్టర్ 1935లో దక్షిణ కాలిఫోర్నియా భూకంపాలని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. అక్కడ అప్పట్లో వాడుతున్న ఒక రకం పరికరంలో గీత ఎంత ఊగిందో కొలిచి, దూరాన్ని బట్టి సరిచేసి, లాగరిథం లెక్కలో అంకె వెయ్యడం, అంతే. దగ్గర్లో వచ్చే చిన్నా చితకా వాటికి అది బాగానే పనిచేసింది, ఇప్పటికీ అలాంటి వాటికి దాని వారసులైన లెక్కలే వాడతారు. పెద్దవి వస్తే మాత్రం ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది, 7 దగ్గరికి వచ్చాక భూకంపం ఎంత పెద్దదైనా అంకె పెద్దగా పెరగదు. అందుకని 1979లో హ్యాంక్స్, కనమోరి అనే శాస్త్రవేత్తలు మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే లెక్క తెచ్చారు. భూమి లోపల ఎంత మేర పగులు కదిలింది, ఆ పగులుకి అటూ ఇటూ రాయి ఎంత దూరం జరిగింది, ఆ రాయి ఎంత గట్టిది, ఈ మూడిటినీ గుణించి దాని మీద కట్టే లెక్క అది. ఇప్పుడు ప్రపంచంలో పెద్ద భూకంపాలకి చెప్పే అంకెలన్నీ ఇవే, మన వార్తల్లో మాత్రం రిక్టర్ గారి పేరు అలా ఉండిపోయింది.

ఏ లెక్కయినా ఒక సంగతి మారదు. అంకె 1 పెరిగితే పరికరంలో ఊపు 10 రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి. అంకె 2 పెరిగితే శక్తి 1000 రెట్లు. మన ఊరికే ఈ లెక్క వేసి చూడండి. 2021 నవంబరు 14 ఉదయం ఏడు గంటలప్పుడు అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం వైపు జనం పెద్ద శబ్దం విని బయటికి పరిగెత్తారు, దాని మాగ్నిట్యూడ్ 1.8. 2025లో వచ్చింది 3.7. 2014 మే 21 రాత్రి పది కావొస్తుండగా బంగాళాఖాతంలో వచ్చింది 6.0. మొదటిదాని కన్నా రెండోది శక్తిలో 700 రెట్లు పెద్దది. రెండోదాని కన్నా మూడోది ఇంచుమించు 2800 రెట్లు. మొదటిదానికీ మూడోదానికీ తేడా అక్షరాలా 20 లక్షల రెట్లు. అయినా మూడింటికీ మన ఊళ్లో జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు.

అదెలా అంటే, 1.8ది సరిగ్గా ఊరి కిందే వచ్చింది. 2014ది ఇక్కడికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున దాదాపు 50 కిలోమీటర్ల లోతులో వచ్చింది. రాయి పగిలినప్పుడు రకరకాల తరంగాలు పుడతాయి, గబగబా కొట్టుకునేవీ ఉంటాయి, నెమ్మదిగా ఊగేవీ ఉంటాయి. గబగబా కొట్టుకునేవి కొద్ది దూరంలోనే రాయిలో అరిగిపోతాయి. నెమ్మదివి వందల కిలోమీటర్లు వెళ్తాయి. అందుకే ఊరి కింద వచ్చిన బుల్లి భూకంపం నేల మీద ఉన్నవాళ్లకి "ధన్" మని చప్పుడులా తెలుస్తుంది, చాలామంది క్వారీలో బ్లాస్టింగ్ అనుకుంటారు. దూరంగా వచ్చిన పెద్దదేమో చప్పుడు లేకుండా వస్తుంది, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకి కళ్లు తిరిగినట్టుంటుంది. 2014లో నేను ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తులో ఉన్నాను. స్విచ్ ఆఫ్ చేసి ఉన్న ఫ్యాను రాడ్డుతో సహా అటూ ఇటూ ఊగడం స్పష్టంగా చూశాను. కిందకి దిగి వీధి చివర పాన్ షాపు అతన్ని అడిగితే "ఏటయ్యింది సార్?" అని నన్నే ఎదురు అడిగాడు.

బిల్డింగు ఎత్తుకి దీనికి సూటిగా సంబంధం ఉంది. ప్రతి బిల్డింగుకీ ఒకసారి అటు ఊగి ఇటు రావడానికి దాని సొంత సమయం ఉంటుంది. మోటుగా చెప్పాలంటే అంతస్తుకి సెకనులో పదో వంతు వేసుకోవచ్చు. అయిదంతస్తులదైతే అర సెకను, ఇరవై అంతస్తుల టవరైతే రెండు సెకన్లు. వచ్చే తరంగం తాళం దానికి కలిసిందా, ఊపు మీద ఊపు పెరుగుతుంది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 భూకంపం వస్తే దాదాపు 1000 కిలోమీటర్ల అవతల బ్యాంకాక్‌లో కడుతున్న ముప్పై అంతస్తుల పైచిలుకు బిల్డింగు కూలిపోయింది, దాని చుట్టుపక్కల చిన్న ఇళ్లు నిలబడే ఉన్నాయి. ఆ బిల్డింగు కట్టుబడిలోనూ లోపాలున్నాయి, అది వేరే కథ. నెమ్మది తరంగాలు అంత దూరం వెళ్లి, బ్యాంకాక్ కింద ఉన్న మెత్తటి బంకమట్టిలో ఇంకా పెరిగి, ఎత్తైన వాటినే వెతికి పట్టుకుంటాయన్నది గుర్తుపెట్టుకోవాలి. ఎండాడ, మధురవాడ వైపు ఇప్పుడు లేస్తున్న టవర్లని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

లోతు గురించి చిన్న మాట. యాప్‌లో చూస్తుంటే "లోతు 10 కి.మీ." అనేది పదే పదే కనిపిస్తుంది. భూమికి ఆ లోతంటే ప్రత్యేకమైన ఇష్టం ఏమీ లేదు. దగ్గర్లో భూకంపాలని నమోదుచేసే స్టేషన్లు సరిపడా లేక లోతు తేలనప్పుడు ఏజెన్సీలు 10 అని స్థిరంగా పెట్టి మిగతా లెక్క పూర్తిచేస్తాయి. కాబట్టి ఆ అంకె మీద మరీ ఆధారపడకండి.

ఇక నన్ను పట్టుకుని వదలని భాగం. రాయి పగిలిన చోటు నుంచి ముందుగా పి తరంగాలు బయల్దేరతాయి, ఇవి రాయిని ముందుకీ వెనక్కీ నెడుతూ భూమి పై పొరలో సెకనుకి ఆరు కిలోమీటర్ల చొప్పున వస్తాయి. వెనకాల ఎస్ తరంగాలు, పక్కలకి ఊపుతూ, సెకనుకి మూడున్నర కిలోమీటర్ల చొప్పున. ఇళ్లని ఎక్కువగా పాడుచేసేవి ఈ రెండో రకమే, ఆ తర్వాత వచ్చే ఉపరితల తరంగాలూను. మొదటి కుదుపుకీ రెండో కుదుపుకీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి 8తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో దాదాపుగా తెలిసిపోతుంది. పది సెకన్లంటే 80 కిలోమీటర్లు. ఒక స్టేషన్‌తో దూరం తెలుస్తుంది, మూడు స్టేషన్లుంటే మ్యాపు మీద మూడు వృత్తాలు గీసి అవి కలిసే చోటు చూపించవచ్చు. ఇప్పుడు కంప్యూటర్లు చేసే పని మూలంలో ఇదే. ఇదే తరంగాల రాకపోకలు చదివి 1936లో ఇంగె లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త భూమి నడిబొడ్డులో ఇంకో గట్టి గోళం ఉందని కనిపెట్టింది. ఎవరూ వెళ్లలేని చోటు, గీతలు చదివి తేల్చేసింది.

2004 డిసెంబరు 26 సంగతే తీసుకోండి. ఉదయం 6:28కి సుమత్రా దగ్గర పగులు మొదలైంది. అక్కడి నుంచి వైజాగ్ 2100 కిలోమీటర్లు. లోతైన రాయిలో తరంగాల వేగం ఇంకా ఎక్కువ కాబట్టి మొదటి పి తరంగం సుమారు నాలుగున్నర నిమిషాల్లో మన కింద నుంచి వెళ్లిపోయింది. ఆ పగులేమో సుమత్రా దగ్గర మొదలై అండమాన్ దాకా 1300 కిలోమీటర్లు చీలడానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు తీసుకుంది. అంటే దాని వార్త మన ఊరికి చేరేసరికి ఆ భూకంపం ఇంకా జరుగుతూనే ఉంది, ఉత్తరంగా పరిగెడుతూనే ఉంది. ఈ ఒక్క విషయం ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. భూకంపం అనగానే మనం మ్యాపు మీద ఎర్ర చుక్క ఊహించుకుంటాం గానీ, పెద్ద భూకంపం చుక్క కాదు, గీత. కేంద్రం అని చెప్పేది ఆ గీత మొదలైన చోటు మాత్రమే.

ఆ గీత కదలడం ఎలా ఉంటుందో కళ్లతో చూసే అవకాశం కూడా ఈమధ్యే దొరికింది. మయన్మార్ భూకంపంలో థాజీ దగ్గర ఒక సోలార్ ప్లాంటు గేటు దగ్గర పెట్టిన సీసీ కెమెరాలో అది పడింది. ముందు గేటు గడగడా వణుకుతుంది. ఒకటి రెండు క్షణాలకి కాంక్రీటు దారి చీలి, చీలికకి అవతలి నేల మొత్తం చెట్టూ పుట్టా సహా ఒక్క ఊపున పక్కకి జారి ఆగిపోతుంది. జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ వాళ్లు ఆ వీడియోని ఫ్రేము ఫ్రేముగా కొలిచి 1.3 సెకన్లలో 2.5 మీటర్లు జరిగిందని తేల్చారు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత పొలాల కంచెలు మధ్యలో తెగి పక్కకి జరిగిపోయి ఉండడం చూసి హ్యారీ రీడ్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే: రాయి ఏళ్ల తరబడి నెమ్మదిగా వంగుతూ ఒత్తిడి దాచుకుంటుంది, పగులు దగ్గర పట్టు జారగానే అదంతా ఒక్కసారి విడిపోతుంది. ఆయన కంచెలు చూసి ఊహించిందాన్ని నూటపందొమ్మిదేళ్ల తర్వాత ఒక గేటు కెమెరా చూపించింది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

అక్కడంటే భూమి పై పెంకులోని రెండు పెద్ద రాతి పలకలు ఒరుసుకునే చోటు, సరే. మన దగ్గర ఎందుకు వస్తాయి? భారత పలక ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతూ ఆసియాని గుద్దుతోంది. ఆ గుద్దుడుకి హిమాలయాల్లో రాయి విరుగుతుంది, నిజమే, కానీ ఒత్తిడి అక్కడే ఆగిపోదు, పలక అంతటా పాకుతుంది. లోపల ఎక్కడ పాత గాయం ఉంటే అక్కడ అప్పుడప్పుడూ జారుతుంది. మన కోస్తాకి అలాంటి పాత గాయాలు బాగానే ఉన్నాయి. కైలాసగిరి, సింహాచలం కొండలన్నీ ఖోండలైట్ అనే చాలా పాత రాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఈ తీరం అంటార్కిటికాతో అతుక్కుని ఉండేది. అక్కడి తూర్పు భాగంలో మన తూర్పు కనుమల రాళ్లకి జతవి ఇప్పటికీ మంచు కింద ఉన్నాయి. ఆ ఖండాలు విడిపోయినప్పుడు పడ్డ చీలికలు తీరం పొడుగునా మిగిలిపోయాయి. ఇంకోవైపు గోదావరి లోయ కూడా అంతకన్నా పాత చీలికే, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం భూకంపం, 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 భూకంపం ఆ లోయవే.

ఉత్తరాంధ్ర చరిత్రలో చెప్పుకోదగ్గది 1917 ఏప్రిల్‌లో విజయనగరం పరిసరాల్లో వచ్చిన 5.5 భూకంపం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ద్వీపకల్పంలో భూకంపాలు తక్కువే గానీ, వచ్చినవి చాలా దూరం వినిపిస్తాయి. పగుళ్లు లేని గుడి గంట ఎంత దూరం మోగుతుందో, బీటలు వారినది ఎలా మూగబోతుందో తెలుసు కదా, పాత గట్టి రాయికీ హిమాలయాల లాంటి నలిగిపోయిన రాయికీ తేడా అదే. 2014 బంగాళాఖాతం భూకంపం ఢిల్లీ దాకా తెలిసింది.

భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టిన 2016 బిల్డింగు కోడులో మనది జోన్ 2. ఆ కోడు ప్రకారం దేశంలో జోన్లు నాలుగే, 2 నుంచి 5 దాకా, అందులో మనది అన్నిటికన్నా తక్కువది. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు జోన్ 3. "మనకేం భయం లేదు, మనది సేఫ్ జోన్" అని రియల్ ఎస్టేట్ బ్రోషర్లలో రాసేది దీన్ని చూసే. కానీ జోన్ 1 ఎందుకు లేదో ఎవరూ అడగరు. ఉండేది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం అయిన రాత్రి, మహారాష్ట్రలో లాతూరు దగ్గర కిల్లారిలో 6.2 భూకంపం వచ్చి దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ చోటు మ్యాపులో జోన్ 1, అంటే అన్నిటికన్నా భద్రం అనుకున్న చోటు. 2002లో మ్యాపు మార్చినప్పుడు జోన్ 1ని తీసేసి 2లో కలిపేశారు. ఇంకో పోలిక కూడా చూడండి: 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం 6.9, లాతూరు కన్నా శక్తిలో పది రెట్లకి పైగా పెద్దది, చనిపోయింది 63 మంది. కిల్లారిలో జనాన్ని చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు, వాటి మీద మందంగా పరిచిన మట్టి మిద్దెలు.

ముందుగా చెప్పలేరా అని అందరూ అడుగుతారు. మన ఊరి వాళ్లకి ఈ ప్రశ్న సహజం, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వస్తోందని రోజుల ముందే చెప్పారు, ఎక్కడ తీరం దాటుతుందో కూడా చెప్పారు. తుపాను కళ్లకి కనిపిస్తుంది, ఉపగ్రహం చూస్తుంది. భూకంపం పది ఇరవై కిలోమీటర్ల లోతులో ఉన్న రాయి వ్యవహారం, అక్కడ ఒత్తిడి ఎంత పేరుకుందో కొలిచే దారి లేదు. చైనా వాళ్లు 1975లో హైచెంగ్ భూకంపానికి ముందు వచ్చిన వరస ప్రకంపనలు చూసి జనాన్ని ఖాళీ చేయించి చాలా ప్రాణాలు కాపాడారు. మరుసటి ఏడాది టాంగ్‌షాన్‌లో అలాంటి సూచన ఏదీ లేకుండా వచ్చి అధికారిక లెక్కలోనే 2,42,000 మందిని చంపింది. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ అనే చోట ఇంచుమించు 22 ఏళ్లకోసారి వస్తోంది కాబట్టి 1993 లోపు తప్పక వస్తుందని పరికరాలన్నీ పెట్టుకుని కూర్చున్నారు, 2004లో వచ్చింది. కాబట్టి "ఈ రాత్రి 11 గంటలకి మళ్లీ వస్తుందట, అందరూ బయట పడుకోండి" అని వచ్చే ఫార్వర్డ్‌ని నిశ్చింతగా డిలీట్ చెయ్యండి, తేదీ టైము చెప్పాడంటే వాడికి ఏమీ తెలియదని అర్థం.

మొదలైపోయాక హెచ్చరించడం మాత్రం సాధ్యమే. పి తరంగం పట్టుకుని ఎస్ తరంగం వచ్చేలోపు ఫోన్లకి మెసేజ్ పంపడం. జపాన్‌లో 2007 నుంచి దేశమంతా ఉంది, మన దగ్గర 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ పని చేస్తున్నాయి. దూరంగా వచ్చినవాటికి పది ఇరవై సెకన్లు దొరుకుతాయి, మన కిందే వస్తే ఏమీ దొరకదు. అప్పుడు చెయ్యగలిగింది గట్టి టేబుల్ కిందకి దూరి తల కాపాడుకోవడం, ఊపు ఆగాక మెట్ల మీదుగా బయటికి రావడం. ఊగుతుండగా మెట్ల వైపు పరిగెత్తడమే దెబ్బలు తగిలే పని.

సునామీకి మాత్రం టైము ఉంటుంది. 2004లో భూకంపం ఆరున్నరకి, నీళ్లు మన తీరానికి తొమ్మిది దాటాక. లోతు సముద్రంలో గంటకి 600 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వచ్చాయి, అయినా రెండున్నర గంటలు పట్టింది. అప్పుడు చెప్పే వ్యవస్థ లేదు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉంది, 2007 నుంచి అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. అప్పట్లో వైజాగ్‌కి తమిళనాడంత దెబ్బ తగలకపోవడానికి కారణం ఆ పగులు దిక్కు. అది దక్షిణం నుంచి ఉత్తరంగా చీలింది, నీటి బలం ప్రధానంగా దానికి అడ్డంగా, తూర్పు పడమరలుగా వెళ్లింది. శ్రీలంక, నాగపట్నం ఎదురుగా ఉన్నాయి, మనం పక్కన ఉన్నాం.

ఇప్పుడు కాళ్ల కింద నేల. వైజాగ్ ఒకే నేల కాదు. కొండ వాలు మీద ఇల్లుంటే పునాది కింద రాయి త్వరగా తగులుతుంది, తరంగం అక్కడ పెద్దగా పెరగదు, కానీ వాలుని నిలువుగా తవ్వి ఇళ్లు కట్టిన చోట మట్టిపెళ్లలు, బండలు జారే భయం ఉంటుంది. హార్బర్ చుట్టుపక్కల సంగతి వేరు. 1933లో పోర్టు మొదలవక ముందు అదంతా ఉప్పుటేరు చిత్తడి, తవ్వి తీసిన మట్టితో పల్లాలు పూడ్చారు. అలాంటి మెత్తటి నేలలో ఊపు పెరుగుతుంది. నీళ్లు నిండిన వదులు ఇసుక అయితే ఊపుకి కాసేపు బురద నీళ్లలా మారి మీద ఉన్నదాన్ని మొయ్యడం మానేస్తుంది. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా పోర్టులో కస్టమ్స్ ఆఫీసున్న టవర్ ఇలాగే ఒక పక్కకి ఒరిగింది. 1985లో మెక్సికో సిటీకి 350 కిలోమీటర్ల అవతల భూకంపం వస్తే, పాత చెరువు పూడ్చిన నేల మీద ఉన్న పేటలే కూలాయి, దగ్గర్లో రాతి నేల మీదివి నిలబడ్డాయి. ఒకే ఊరు, ఒకే భూకంపం.

నేల తర్వాత పిల్లర్లు. నాకు అన్నిటికన్నా బెంగ ఇక్కడే. భుజ్ భూకంపం 2001 జనవరి 26 ఉదయం వచ్చింది, 7.7. అక్కడికి 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల కొద్దీ అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది చనిపోయారు. కూలినవాటిలో ఎక్కువ ఒకే రకం: కింద ఉత్త పిల్లర్లు, కార్ల పార్కింగు, పైన నాలుగైదు అంతస్తులు. వైజాగ్‌లో మీ వీధి చివర నిలబడి ఒకసారి చుట్టూ చూడండి, మన అపార్ట్‌మెంట్లలో నూటికి ఎన్ని అలా లేవో వెతుక్కోవాలి. పై అంతస్తుల్లో గదుల మధ్య ఇటుక గోడలుంటాయి, అవి బిల్డింగుని బిర్రుగా పట్టుకుంటాయి. కింద గోడల్లేవు. నేల ఊగినప్పుడు పై భాగమంతా ఒక్క ముక్కలా కదులుతుంది, వంగాల్సిందంతా కింది పిల్లర్లే వంగాలి. మొత్తం బలం ఆ పిల్లర్ల తలల దగ్గర, మొదళ్ల దగ్గర పడుతుంది.

అక్కడ పిల్లరుని కాపాడేవి రింగులు. నిలువు ఊచల చుట్టూ చతురస్రంగా వంచి కట్టే సన్నటి ఇనుము. ఊపు వచ్చినప్పుడు పై పెచ్చు ఊడినా లోపలి కాంక్రీటు చెదిరిపోకుండా, నిలువు ఊచలు బయటికి ఉబ్బకుండా పట్టుకోవాల్సింది అవే. మధురవాడ వైపు ఒక బిల్డింగు కడుతుంటే ఆగి చూశాను. రింగు రెండు కొసలూ నిలువు ఊచ దగ్గర కలుస్తాయి, అక్కడ కొక్కెం ఎలా వంచారన్నదే అసలు సంగతి. కొసని 90 డిగ్రీలకి, అంటే ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే, పెచ్చు ఊడగానే రింగు విచ్చుకుపోతుంది. 135 డిగ్రీలకి, అంటే కొస పిల్లరు లోపలికి దూరేలా వంచితే విచ్చుకోదు. అక్కడ ఉన్నవన్నీ 90. మేస్త్రీని అడిగితే "అందరూ ఇలాగే ఏత్తారు బాబూ, లోపలికి వంచితే కాంక్రీటు పోసేటప్పుడు అడ్డం" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఎవరూ అలా అడగలేదు. ఐఎస్ 13920 అనే కోడులో 135 డిగ్రీల కొక్కెం, బీము పిల్లరు కలిసే చోట్ల రింగుల మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు మించకూడదన్న నియమం స్పష్టంగా ఉన్నాయి. అయితే 2016 కోడులో జోన్ 3 నుంచే అది తప్పనిసరి, జోన్ 2లో ఐచ్ఛికం. అంటే వైజాగ్‌లో ఇంజనీరు అనుకుంటే చేస్తాడు, లేకపోతే లేదు. లక్షల ఖర్చు కాదిది, ఊచ ఇంకో 45 డిగ్రీలు వంచడం, అవసరమైన చోట నాలుగు రింగులు ఎక్కువ వెయ్యడం.

అందుకని ఫ్లాటు కొనేవాళ్లు, ఇల్లు కట్టించేవాళ్లు టైల్స్ చూసే ముందు ఈ మూడూ అడగండి. సాయిల్ టెస్ట్ రిపోర్టు ఉందా, పార్కింగ్ అంతస్తు పిల్లర్లకి డిజైన్‌లో అదనపు బలం ఇచ్చారా, రింగుల కొక్కెం ఎంత వంచారు. మూడోదానికి డ్రాయింగ్ అక్కర్లేదు, స్లాబు పడకముందు సైటుకి వెళ్లి ఫోన్‌లో ఫొటో తీస్తే చాలు. ఇప్పటికే ఉన్న బిల్డింగులకీ దారులున్నాయి. పార్కింగులో కార్లకి అడ్డం లేని చోట్ల, మూలల్లో, పునాది నుంచి కాంక్రీటు గోడలు లేపవచ్చు. బలహీనంగా ఉన్న పిల్లర్లకి చుట్టూ కొత్త ఇనుము కట్టి జాకెటింగ్ చెయ్యవచ్చు. ఏది ఎక్కడ వెయ్యాలన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి చెప్పాలి, మనంతట మనం ఒక మూల గోడ కట్టేస్తే బిల్డింగు మెలితిరిగి ఇంకా చెడుతుంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో వచ్చే నెల రంగులు వేయించే ఖర్చు మీద మీటింగ్ ఉంది. ముందు ఇంజనీరుని పిలిపించి పార్కింగు పిల్లర్లు చూపిద్దామని ఆ మీటింగ్‌లో అడగబోతున్నాను.